గడప లోపల ఇంగ్లీషు

ఉప్పల్ చరిత్ర రాయబూనే పెద్దలు సాధారణంగా క్రికెట్ స్టేడియం దగ్గర ఆగిపోతారు. అది న్యాయం కాదు. రెండు వేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో, రింగు రోడ్డుకు అవతల ఒక రెండు గదుల అద్దె ఇంట్లో, కనకరాజు అనే ప్లాస్టిక్ డబ్బాల కార్మికుడు రాత్రి షిఫ్టు దిగి వచ్చి, పొయ్యి ముందు కూర్చున్న భార్యకు "గుడ్ మార్నింగ్" చెప్పాడు. ఆ వంశంలో అంతకుముందు ఎవరూ ఎవరికీ అలాంటిది చెప్పిన దాఖలాలు లేవు. మనిషి నిద్ర లేచాడని తెలియడానికి దగ్గు సరిపోయేది. భార్య ఉప్పలమ్మ వెనక్కి తిరిగి చూసి, జ్వరం గిట్ల వచ్చిందా అని అడిగి, నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు. మర్నాడూ చెప్పాడు. సెలవునాడు మధ్యాహ్నం పడుకొని లేచి కూడా అదే చెప్పాడు. మొదట ఒక మర్యాద, ఆ తర్వాత ఒక చట్టం. రాజ్యాలు స్థాపించినవాళ్లందరూ ఈ వరుసే పాటించారు. కనకరాజు రాజ్యంలో ప్రజలు ఇద్దరు. ఒకరు ఉప్పలమ్మ. రెండోది కూతురు దీప, రెండున్నరేళ్లది.

కనకరాజుది జనగామ వైపు ఊరు. అక్కడి బడిలో ఇంగ్లీషు అయిదో తరగతిలో ప్రవేశించేది, అదీ సారు వచ్చిన రోజున. పదో తరగతిలో అన్నీ పాసై అదొక్కటే తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఇక చాలనుకొని బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పెయింటు డబ్బాలు పోతపోసే ఫ్యాక్టరీలో చేరాడు. హెల్పరుగా చేరినవాడు మెషిన్ ఆపరేటర్ అయ్యాడు. మాట తక్కువ, పని ఎక్కువ అని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు ఉన్నవాళ్లకు మన దేశంలో ఏం జరుగుతుందో అదే జరిగింది.

షిఫ్టు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు మేనేజర్ రామ్మోహనరావు అతన్ని గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. కార్మికుడికి మేనేజర్ గదిలో చాయ్ వచ్చిందంటే శుభవార్త కాదని నాచారంలో అందరికీ తెలుసు. పోస్టు విక్రమ్‌కి ఇస్తున్నట్టు ఆయన చెప్పాడు. విక్రమ్ మొన్న చేరిన కుర్రవాడు, రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. ముంబై హెడ్డాఫీసు నుంచి ఫోనొస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పాలి కదా, అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు, అన్నాడు మేనేజర్.

"చిన్నప్పటి నుంచంటే ఎప్పటి నుంచి సార్?" అని అడిగాడు కనకరాజు.

జీతం గురించో సీనియారిటీ గురించో అడుగుతాడని సిద్ధపడి ఉన్న మేనేజర్ కాస్త తడబడ్డాడు. మూడేళ్లకే కాన్వెంటులో వేశారట అన్నాడు. కనకరాజు చాయ్ తాగకుండా లేచి వచ్చేశాడు. మూడు అన్న అంకె అతని వెంట వచ్చింది.

తన బతుకు ఎక్కడ తప్పిందో అతనికి తెలిసిపోయింది. అయిదో తరగతిలో. అప్పటికే ఆలస్యమైంది. మరి ఎంత ముందు మొదలుపెడితే ఆలస్యం కానట్టు? విచారణ మొదలైంది. మొదటి సాక్షి ఇంటి యజమాని భూషణం. పై అంతస్తులో ఉంటాడు. హబ్సిగూడలోని ఒక పరిశోధనా సంస్థలో ముప్పై ఏళ్లు స్టోర్సు విభాగంలో గాజుసామాను లెక్క చూసి రిటైరైన మనిషి కాబట్టి, మెదడు గురించి మాట్లాడే అర్హత ఆ వీధిలో ఆయనకే ఉండేది.

"మెదడు సిమెంటులాంటిదయ్యా కనకరాజూ. పచ్చిగా ఉన్నప్పుడు ఏ అచ్చు వేస్తే అదే ఉంటుంది. మూడేళ్ల తర్వాత నువ్వు నీళ్లు కొట్టినా, గునపంతో పొడిచినా లాభం లేదు" అన్నాడు ఆయన, పేపరు మడిచి.

ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ బండి దగ్గర మాత్రం మూడంటే అప్పటికే ముదిరినట్టేనని తేలింది. ఈ రోజుల్లో రెండున్నరకే ప్లే స్కూలు. తిరుపతి అనే తోటి ఆపరేటరు ఇంకో మెట్టు దిగాడు. వాళ్ల వదినె కడుపుతో ఉన్నప్పుడే పొట్ట మీద టేప్‌రికార్డరు పెట్టుకొని ఇంగ్లీషు పాటలు వినిపించిందట. వేలంపాటలో ధర పెరుగుతూ పోతుంది. ఇక్కడ వయసు తగ్గుతూ పోయింది. పాట ముగిసేసరికి తేలిందేమిటంటే, దీప పుట్టేనాటికే ఆలస్యం జరిగిపోయింది.

దీప అప్పటికి ఏం చేస్తున్నదంటే, మాట్లాడుతున్నది. ఆ విషయంలో తల్లి పోలిక. ఉప్పలమ్మ పెళ్లిచూపుల్లో తల వంచుకొని కూర్చోకుండా, మీ ఊళ్లె నీళ్లెంత దూరం, కరెంటు ఎన్ని గంటలుంటది అని పెళ్లికొడుకునే విచారించిన మనిషి. తక్కువ మాట్లాడే కనకరాజుకు వినడం ఇష్టం. సంబంధం అందుకే కుదిరింది. దీప గుమ్మంలో కూర్చొని వచ్చేపోయేవాళ్లందరినీ ఎటు పోతున్నవని అడిగేది. కూరగాయల బండి ఆగితే, తల్లి కంటే ముందే బేరానికి దిగి, "ఏందే, గింత పిరమా?" అనేది. బండివాడు నవ్వి చేతిలో ఒక టమాటా పెట్టేవాడు. ఇవన్నీ తెలుగులోనే జరుగుతున్నాయని, అచ్చు రోజురోజుకూ గట్టిపడిపోతున్నదని కనకరాజుకు గుండెలో దడ పుట్టింది.

ఫ్యాక్టరీలో పోత హాల్లోకి చెప్పులతో పోకూడదు. గుమ్మం దగ్గర విడిచి, కంపెనీ బూట్లు తొడుక్కొని లోపలికి పోవాలి. కనకరాజుకు తెలిసిన క్రమశిక్షణ అదొక్కటే. దాన్నే ఇంటికి తెచ్చాడు. చెప్పులతో పాటు తెలుగును కూడా గడప బయట విడవాలి. దీప చెవిన అది పడకూడదు.

"మరి నేనేం మాట్లాడాలె?" అని అడిగింది ఉప్పలమ్మ.

"ఇంగ్లీషు మాట్లాడు."

"నాకు రాదు గద."

"రాకపోతే సప్పుడు చెయ్యకు. వచ్చేదాంక ఓపిక పట్టు. ఎవరి కోసం జేస్తున్న? బిడ్డ కోసమే గద."

ఉప్పలమ్మ ఒప్పుకుంది. భయపడి కాదు. హబ్సిగూడలో ఒక ఇంజినీరింగ్ ఆఫీసరు ఇంట్లో కొన్నాళ్లు పని చేసినప్పుడు, ఆ ఇంటి పిల్ల ఫోనులో గలగలా ఇంగ్లీషు మాట్లాడుతుంటే చీపురు పట్టుకొని నిలబడి విన్నది. తన బిడ్డ చీపురు పట్టకూడదంటే నోరు కట్టుకోవాలన్నారు. కట్టుకుంది.

ఇక రాజభాష సంగతి. కనకరాజుకు ధైర్యంగా వచ్చిన ఇంగ్లీషంతా ఫ్యాక్టరీది. అన్నం తినాలంటే "స్టార్ట్". ఏడుపు ఆపాలంటే "స్టాప్". కింద పడిందేదో నోట్లో పెట్టుకోబోతే "రిజెక్ట్". త్వరగా నడవాలంటే "అర్జెంట్". మంచి పని చేస్తే "ఓకే". ఈ మాటలతో ఒక పోత యంత్రాన్ని ఏళ్ల తరబడి నడపవచ్చు. దీప కూడా నడిచింది. స్టార్ట్ అంటే ముద్ద తీసుకునేది, స్టాప్ అంటే ఏడుపు మింగేది. అర్థం చేసుకుంటున్నదని కనకరాజు పొంగిపోయి భూషణంతో చెప్పాడు. ఆయన కూడా సంతోషించాడు. తక్కిన వేళ ఇంట్లో టీవీ ఇంగ్లీషు కార్టూన్లు మాట్లాడేది.

మొదట్లో దీపకు ఇదొక ఆట. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకొని తల అడ్డంగా ఊపితే, తనూ పెట్టుకొని ఊపేది, పడీపడీ నవ్వేది. కొన్నాళ్లకు ఆట ఎప్పుడైపోతుందని అడగడం మొదలుపెట్టింది. అమ్మ కొంగు పట్టుకొని ఏమైందే, నొప్పి లేస్తుందా అని అడిగేది. ఉప్పలమ్మ తల ఊపి వంటింట్లోకి పోయేది.

నీళ్ల విషయంలో మాత్రం కనకరాజు గట్టిగా ఉన్నాడు. పిల్ల "నీళ్లు" అని అడిగితే గ్లాసు చేతికి ఇవ్వకుండా పైన పట్టుకునేవాడు. "వాటర్" అనాలి. అంటే ఇస్తాడు. కొన్నిసార్లు అన్నది. కొన్నిసార్లు ఏడ్చింది. ఆ తర్వాత ఒకరోజు, తండ్రి చూస్తుండగానే, స్నానాల దగ్గరి బకెట్‌ను ఈడ్చుకొచ్చి బోర్లించి, దాని మీద ఎక్కి, బిందెలో గ్లాసు ముంచుకొని తాగింది. ఎవరినీ ఏ భాషలోనూ అడగలేదు. కనకరాజు దాన్ని తెలివి అనుకున్నాడు. షిఫ్టులో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ఉప్పలమ్మకు ఒకే ఒక దారి మిగిలింది: నీళ్ల ట్యాంకర్. వీధి చివర ట్యాంకర్ ఆగినప్పుడు బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు నిలబడతారు. అది గడప బయట. పిల్లను లోపల టీవీ ముందు కూర్చోబెట్టి, గేటు గొళ్లెం పెట్టి, అక్కడికి పోయి రోజంతా లోపల ఆపుకున్నదంతా మాట్లాడేది. ట్యాంకర్ రాని రోజుల్లో కూడా వస్తుందేమో చూసి వస్తానని వెళ్లేది. ఉన్న నీళ్లు తొందరగా అయిపోవాలని అవసరం లేకపోయినా వాకిలి కడిగేది.

దసరాకు కనకరాజు తల్లి వెంకటనర్సమ్మ వచ్చింది. బస్సు దిగి ఇంటికి వచ్చిన ముసలమ్మకు గడప దగ్గరే చట్టం చదివి వినిపించారు. మనవరాలిని ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, మాట్లాడకూడదు. ఆమె ఒక పూట కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. పిల్ల తన వైపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంటే, ముసలమ్మ ఇంక ఉండలేక సంచి సర్దుకుంది. పోతూ పోతూ గడప దాటాక, చట్టానికి లోబడే, ఒక మాట అన్నది:

"గింత సప్పుడు లేని ఇల్లు నేను సచ్చినోళ్ల ఇంట్ల గూడ సూడలే కొడుకా."

కనకరాజు ఆమె చదువుకోని మనిషని సరిపెట్టుకున్నాడు.

మరుసటి ఎండాకాలంలో దీపను నాచారంలోని ఒక కాన్వెంటుకు తీసుకుపోయారు. దాన్ని కాన్వెంటు అనేవారే తప్ప అందులో సన్యాసినులెవరూ లేరు. ప్రిన్సిపాల్ హరిణి మేడమ్, ఆమె టేబులు, గోడ మీద ఒక గ్లోబు బొమ్మ ఉన్నాయి. ఎల్‌కేజీ సీటు కోసం తల్లిదండ్రులను కూడా ఇంటర్వ్యూ చేసే ఆచారం అప్పటికి స్థిరపడింది. కనకరాజు తన గురించి నాలుగు వాక్యాలు బట్టీ పట్టి, షిఫ్టు షిఫ్టంతా యంత్రం మోతలో వల్లె వేసుకొని వచ్చాడు. అవి అడగలేదు. మేడమ్ నేరుగా దీపను పలకరించింది. పేరేమిటని ఇంగ్లీషులో అడిగింది. బంతి చూపించి ఇదేమిటన్నది. రంగేమిటన్నది. దీప మేడమ్‌నూ చూడలేదు, బంతినీ చూడలేదు. కాసేపటికి పక్కనున్న స్టూలును టేబులు దాకా జరిపి, ఎక్కి, మేడమ్ నీళ్ల సీసా తీసుకొని తాగి, మూత పెట్టి, దిగింది.

"ఇంట్లో మాట్లాడుతుందా?" అని మేడమ్ అడిగింది.

ఇంట్లో పూర్తిగా ఇంగ్లీషేనని కనకరాజు చెప్పాడు. మేడమ్ కొంచెం ముందుకు వంగి, ఈసారి మెల్లగా, "నీ పేరేంటమ్మా?" అన్నది.

తెలుగు చెవిన పడగానే దీప ఉలిక్కిపడింది. తండ్రి ముఖంలోకి చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

అది మా ఇంటి డిసిప్లిన్ అని చెప్పడానికి కనకరాజు నోరు తెరిచాడు గాని, వాక్యం ఏ భాషలోనూ రాలేదు. ముందు పిల్లను డాక్టరుకు చూపించమని, చెవులు పరీక్ష చేయించమని మేడమ్ చెప్పింది. సీటు సంగతి ఆమె ఎత్తలేదు.

నాచారం చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డప్పుడు కనకరాజు ఒక సంగతి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. దీప చివరిసారి మాట్లాడింది ఎప్పుడు? గుర్తు రాలేదు. షిఫ్టులు, ఓవర్‌టైములు గుర్తొచ్చాయి. బకెట్ గుర్తొచ్చింది. పిల్ల గొంతు ఎట్లా ఉండేదో గుర్తు రాలేదు. భార్యను అడిగాడు. ఉప్పలమ్మ అతని భుజం మీదున్న దీపను చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకొని తల అడ్డంగా ఊపింది. బిడ్డ ముందు మాట్లాడకూడదు కదా. బస్సు వచ్చింది, పోయింది. వాళ్లు ఎక్కలేదు.

దగ్గరలోని డాక్టరు చెవుల పరీక్షకు పెద్ద దవాఖానాకు రాశాడు. ఆ ఫలితం చేతికి వచ్చేలోగా కనకరాజు అన్నం సరిగా తినలేదు. అతని మొక్కు ఏ దేవుడికీ అర్థమయ్యేది కాదు. బిడ్డ చెవుల్లో ఏదైనా లోపం బయటపడాలని అతను కోరుకున్నాడు. చెవుడైతే మిషన్ పెడతారు. చెవుడైతే అది దేవుడు చేసింది. చెవులు బాగుంటే మాత్రం ఇంక చేసింది ఎవరో వెతకనక్కర లేదు.

చెవులు బాగున్నాయి.

కార్డు పట్టుకొని ఈఎస్ఐ దవాఖానాలో పిల్లల డాక్టరు పద్మశ్రీ దగ్గరికి పోయారు. ఆమె కాగితాలు చూసి, పిల్ల నోరు, నాలుక చూసి, పిల్ల ఎప్పటి నుంచి మాట్లాడడం లేదని అడిగింది. కనకరాజు నేల చూశాడు. డాక్టరు ఉప్పలమ్మ వైపు తిరిగింది. ఉప్పలమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది.

"ఏంటమ్మా, నీకు కూడా మాటలు రావా?" అన్నది డాక్టరు. పొద్దుటి నుంచీ పేషెంట్లను చూసి అలిసిపోయిన మనిషి, విసుగ్గానే అన్నది. "బిడ్డతో రోజూ ఏం మాట్లాడతావు నువ్వు?"

ఉప్పలమ్మ చెయ్యి తీసేసింది.

"ఏం మాట్లాడలే మేడమ్. యాడాదాయె. తెల్గు వద్దన్నడు. ఇంగ్లీషు నాకు రాదు."

ఆపైన ఆగలేదు. బతుకమ్మ ముందర జడ వేస్తుంటే "అమ్మా, సాలు" అన్నది, అదే ఆఖరు మాట, అని చెప్పింది. ఆ మాటకు తను బదులు చెప్పలేదని చెప్పింది. నోరు మూసి చూపించానని చెప్పింది. చెబుతున్నంతసేపూ దీప తల్లి వైపు తిరిగి, ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చినట్టు, రెప్ప వేయకుండా చూసింది.

డాక్టరు కలం కింద పెట్టింది. మందు రాయలేదు. పిల్లతో మాట్లాడండి, రాత్రీ పగలూ మాట్లాడండి, మీకు వచ్చిన భాషలో మాట్లాడండి, జవాబు అడగకండి అన్నది. ఏ భాష ముందు, ఏ భాష వెనక అనేది తర్వాత చూసుకోవచ్చునన్నది. మాటలు మళ్లీ వస్తాయా అని కనకరాజు అడిగాడు. వస్తాయనే అనుకుంటున్నానన్నది. ఎప్పుడన్నది చెప్పలేనన్నది. కనకరాజు జీవితంలో వయసు గురించి ఖచ్చితమైన అంకె చెప్పని చదువుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం నుంచి చట్టం రద్దయింది. రద్దు చేసినంత మాత్రాన ఏమీ కాలేదు. ఉప్పలమ్మ మాట్లాడింది. బియ్యం ఏరుతూ, బట్టలు ఉతుకుతూ, పిల్లను ఒళ్లో వేసుకొని, తన పుట్టిన ఊరు, మేనమామల తగాదాలు, మేకపిల్ల బావిలో పడిన సంగతి, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో అన్నీ చెప్పింది. వెంకటనర్సమ్మకు కబురు పోయింది. ఆమె వచ్చి, వెనుకటి అవమానం ఎత్తకుండా, పొద్దంతా మనవరాలి పక్కన కూర్చొని వాగింది. దీప వినేది. కళ్లతో వినేది. నోరు విప్పేది కాదు. ఎవరైనా కాస్త గట్టిగా పిలిస్తే చేతులు నోటి మీదికి పోయేవి. నెలలు గడిచాయి.

కనకరాజు కష్టం వేరు. ఎంత ప్రయత్నించినా అతనికి పిల్లతో మాట్లాడడానికి మాటలు దొరకలేదు. ఉన్నవి అయిదారు; అవి యంత్రానివి. షిఫ్టు నుంచి వచ్చి ఎదురుగా కూర్చొని, "బిడ్డా" అని ఆగిపోయేవాడు. తనకు జరిగిన అన్యాయం గురించి చెప్పడం మానేశాడు. ఫ్యాక్టరీలో విక్రమ్ అతన్ని అన్నా అనే పిలిచేవాడు, సెలవు అడిగితే కాదనేవాడు కాదు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా వచ్చేది కాదు. ఒకరోజు యంత్రం ముందు నిలబడి ఏడుస్తుంటే, ప్లాస్టిక్ పొగ కళ్లలో పడిందేమోనని తిరుపతి మొహం కడుక్కొని రమ్మన్నాడు.

భూషణం ఈలోగా పేపర్లో వేరే వ్యాసం చదివాడు. ముందు ఇంటి భాష వేళ్లూనుకోవాలట, పరాయి భాష ఎనిమిదేళ్లకు మొదలుపెట్టినా ఏమీ మునిగిపోదట. మెట్ల దగ్గర కనకరాజును ఆపి ఆ సంగతి తెలియజేశాడు.

"మరి మూడేళ్లకే గట్టిపడిపోతదంటిరి?" అన్నాడు కనకరాజు.

"నేను సిమెంటు అన్నానయ్యా. సిమెంటులో కూడా రకాలుంటాయి" అన్నాడు భూషణం. గొంతులో గాంభీర్యం ఏమీ తగ్గలేదు. కాని ఆ తర్వాత ఆయన కూడా మెట్లు దిగేటప్పుడు ఆగి దీపతో ఏదో ఒకటి మాట్లాడి పోయేవాడు. ఆయనకు వచ్చింది గాజుసామాను గురించే. అదే చెప్పేవాడు.

ఎండలు మళ్లీ ముదిరిన రోజుల్లో కనకరాజు ఓపిక తెగింది. దీప బకెట్ వైపు పోతుంటే అతను ముందే గ్లాసు నిండా నీళ్లు ముంచి, పట్టుకొని, మోకాళ్ల మీద కూర్చొని బతిమాలాడు. నీళ్లు అను బిడ్డా. ఒక్కసారి నీళ్లు అను. ఇస్త. గ్లాసు మాత్రం అందనంత ఎత్తులోనే ఉంది. ఉప్పలమ్మ వంటింట్లోంచి వచ్చి అతని చేతిలోంచి గ్లాసు గుంజుకుంది. సగం నీళ్లు అతని మీద పడ్డాయి. మిగిలినవి పిల్లకు తాగించింది.

"ఇగ ఏ భాషల గూడ అడ్గుమని ఆపకు" అన్నది. "అడ్గకున్నా ఇయ్యి. నీళ్లే గద."

కనకరాజు తడిసిన చొక్కాతోనే డ్యూటీకి పోయాడు. ఆ రోజు నుంచి పిల్ల బకెట్ వైపు చూస్తే చాలు, గ్లాసు చేతికిచ్చేవాడు. ఏమీ అనేవాడు కాదు. కొన్నాళ్లకు, ఇచ్చేటప్పుడు, "సల్లగున్నయి, మెల్లగ తాగు" అనడం అలవాటైంది. ఏమీ అడగకుండా అతను పిల్లతో అన్న మొదటి వాక్యం అదే.

ఏప్రిల్‌లో బోరు ఎండిపోయింది. ట్యాంకర్ దగ్గర వరుస వీధి మలుపు దాకా పోయింది. ఉప్పలమ్మ ఇప్పుడు దీపను కూడా వెంట తీసుకుపోయేది. మధ్యాహ్నం ఎండలో బిందెల దగ్గర మామూలు జగడమే మొదలైంది. లక్ష్మీనర్సమ్మ అనే పక్కింటావిడ ఉప్పలమ్మ బిందెను కాలితో వెనక్కి జరిపి తన బిందె ముందు పెట్టింది. నువ్వెప్పుడొచ్చినవు, నేనెప్పుడొచ్చిన అని మాట మీద మాట పెరిగింది. పైపు పట్టుకున్నవాడు త్వరగా తెమల్చమని కేకలేస్తున్నాడు.

"మాది ముందుగాల పెట్టినం" అన్నది ఎవరో.

సన్నని గొంతు. కొంచెం గీరుకుపోయినట్టు, వాడక మూలన పడ్డట్టు. ఎవరూ పట్టించుకోలేదు. లక్ష్మీనర్సమ్మ, అలవాటుగా, పెడితే ఏంది అని ఆ గొంతుకే జవాబిచ్చింది. దీప బిందె అంచు పట్టుకొని నిలబడి, ముఖం ఎర్రగా చేసుకొని, రెండోసారి అన్నది.

"గది మాది."

ఉప్పలమ్మ ఎండలో నేల మీద కూలబడిపోయింది. బిందె దొర్లిపోయింది. జరిగిందేమిటో తెలిసిన ఒక్క మనిషీ మాట్లాడే స్థితిలో లేదు కాబట్టి, ఆ కుటుంబం ఆ రోజు వరుసలో తన వంతు కోల్పోయింది. కబురు విని షిఫ్టు మధ్యలో పరుగెత్తుకొచ్చిన కనకరాజుకు పిల్ల ఇంట్లో ఇంకేమీ చెప్పలేదు. పడుకోబోయే ముందు మాత్రం, లక్ష్మీనర్సమ్మ మంచిది కాదని చెప్పింది. కనకరాజు అంగీకరించాడు.

మాటలు ఒక్కసారిగా రాలేదు. రోజుకు రెండు, ఒక్కోరోజు ఏమీ లేకుండా, ఒక్కోరోజు ఆపకుండా. మే నెల చివరికి కూరగాయల బండి దగ్గర మళ్లీ బేరం మొదలైంది.

అప్పుడు కనకరాజుకు పాత దడ కొత్తగా పట్టుకుంది. ఈ గొడవలో చదువు సంగతే మరిచిపోయారు. మూడేళ్లు దాటి ఎంతో కాలమైంది, ఎల్‌కేజీ పోయింది, యూకేజీ వయసు కూడా వచ్చేసింది. వీధిలో దీప ఈడు పిల్లలు టైలు కట్టుకొని ఆటోల్లో పోతున్నారు. తన వల్ల పిల్ల రెండు తరగతులు వెనకబడింది. కాన్వెంటు గుమ్మం మళ్లీ ఎక్కే ధైర్యం లేదు. ఇంక సర్కారు బడే గతి. వాళ్లు కూడా ఇంత ఆలస్యమైన పిల్లను తీసుకుంటారో లేదో. ఉప్పలమ్మ మాత్రం నోరున్న పిల్ల ఎక్కడైనా బతుకుతదని అన్నది. అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూన్‌లో బడులు తెరిచిన వారం, డ్యూటీకి సెలవు పెట్టి, పిల్లకు తలంటి, కొత్త గౌను తొడిగి, ఉప్పల్‌లోని ప్రాథమిక పాఠశాలకు తీసుకుపోయారు. హెడ్మాస్టరు రామకృష్ణ కిటికీ పక్కన కూర్చొని ఉన్నాడు. కనకరాజు కుర్చీలో కూర్చోలేదు. చేతులు కట్టుకొని నిలబడి, ఆలస్యమైన మాట నిజమేనని, తప్పు తనదేనని, పిల్లది కాదని, పిల్ల బాగా మాట్లాడుతుందని, అన్ని విధాలా వెనకబడ్డా పట్టుదలగా చదివిస్తానని, ఈ ఒక్కసారికి దయచేసి కాదనవద్దని, దారి పొడుగునా కూడబెట్టుకున్నదంతా చెప్పాడు. మధ్యలో ఒకచోట వరుస మరిచిపోయాడు. ఉప్పలమ్మ మిగతాది పూర్తి చేసింది.

హెడ్మాస్టరు ఓపికగా విని, పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగాడు. రెండు వేల మూడు డిసెంబరని ఉప్పలమ్మ చెప్పింది.

ఒకటో తరగతిలో చేర్చుకోవాలంటే అయిదేళ్లు నిండాలి. దీపకు ఇంకా నిండలేదు. వచ్చే ఏడు తీసుకురమ్మన్నాడు.